మొదటి కంట్రోల్ లైన్ విమానానికి ఏ ఇంజన్? పర్లాకిమిడి నుంచి కొరాపుట్ దాకా ఉన్నవారికి ఎంపిక సలహా

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం, కొరాపుట్, బరంపురం లాంటి ఒడిశా ప్రాంతాల్లో కంట్రోల్ లైన్ విమానం (చేతిలోని తీగలతో నడిపే చిన్న మోడల్ విమానం) ఎగరేద్దామనుకునే తెలుగువారు ముందుగా అడిగేది "ఎన్ని సీసీల ఇంజన్ కొనాలి?" అని. దానికంటే ముందు తేల్చుకోవలసింది మరొకటి ఉంది. మీ ఊళ్లో ఏ ఇంధనం నమ్మకంగా దొరుకుతుంది? ఇంజన్, ప్రొపెల్లర్, గ్లో ప్లగ్గు, ఉక్కు తీగలు కోల్‌కతా నుంచో హైదరాబాద్ నుంచో కొరియర్‌లో ఇంటికి వస్తాయి. ఇంధనం అలా రాదు. గ్లో ఇంజన్ (వేడెక్కిన ప్లగ్గుతో ఇంధనం అంటుకునేది) మిథనాల్‌తో నడుస్తుంది, డీజిల్ రకం ఇంజన్‌కు ఈథర్ కావాలి. రెండూ ఇట్టే అంటుకునే ద్రవాలు. వాటిని సంచిలో పెట్టుకుని రైలెక్కడం నేరం, బస్సులో తేవడం తోటి ప్రయాణికుల ప్రాణాలతో చెలగాటం. ఇంజన్ కొన్నాక ఇంధనం కోసం వెతుక్కునేవారి విమానం అటక మీదే ఉండిపోతుంది.

ఈ విమానాలు కొత్తయినవారికి రెండు మాటలు. ఎడమ రెక్క చివర నుంచి రెండు తీగలు వచ్చి మీ చేతిలోని హ్యాండిల్‌కు కలుస్తాయి. మణికట్టు వంచితే రెక్క మధ్యలోని బెల్‌క్రాంక్ (తీగలు కట్టిన, ఇరుసు మీద తిరిగే పలక) తిరిగి, తోక దగ్గరి ఎలివేటర్ అనే కదిలే రెక్కను పైకో కిందికో కదుపుతుంది. విమానం మీ చుట్టూ గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. తీగలు బిగుతుగా ఉన్నంతసేపే అది మీ మాట వింటుంది. ఇంజన్ ఎంపికలో సగం సంగతులు ఈ బిగువు దగ్గరికే వస్తాయి.

ఏమేం చూసి ఎంచుకోవాలి

ఇంధనం మాట అయింది. తర్వాతది మైదానం. తీగ పొడవుకు చేయి చాచిన మీటరు కలిపి, చుట్టూ చూసేవారికి కనీసం 6 మీటర్లు వదలాలి. 16.5 మీటర్ల తీగలకు దాదాపు 47 మీటర్ల వ్యాసం ఖాళీ కావాలన్నమాట. హైస్కూలు మైదానాలు చాలావాటిలో ఇది పడుతుంది. కోత అయ్యాక వరి మళ్లు విశాలంగానే కనిపిస్తాయి గానీ మధ్యలో గట్లుంటాయి, కొయ్యకాళ్లకు తీగలు చిక్కుకుంటాయి, ప్రొపెల్లర్లు విరుగుతాయి. వేసవిలో ఎండిన చెరువు గట్టినేల మేలు. వంశధార, నాగావళి ఇసుక తిన్నెలు ఎంత ఊరించినా వద్దు. ఇసుక రేణువు ఒక్కటి ఇంజన్ నోట్లోకి వెళ్లినా పిస్టన్, సిలిండర్ గీరుకుపోయి కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కే శక్తి) పోతుంది.

కరెంటు తీగల విషయంలో రాజీ లేదు. మీ చేతిలో ఉన్నది ఉక్కు తీగ. పొలాల మీదుగా వెళ్లే 11 కేవీ లైనుకు అది తగిలితే ప్రాణం పోతుంది. విమానం తిరిగే వలయం అంచు నుంచి లైను కనీసం 15 మీటర్ల దూరంలో ఉండాలి, ఎక్కువుంటే ఇంకా మంచిది. ఉరుము వినిపిస్తే హ్యాండిల్ కింద పెట్టేయండి. వేసవి సాయంత్రాల ఈదురుగాలులు ఈ ప్రాంతంలో క్షణాల్లో కమ్ముకొస్తాయి.

మూడోది తీగల బిగువు. 850 గ్రాముల విమానం 16.5 మీటర్ల తీగల మీద 5 సెకన్లకో చుట్టు తిరిగితే గంటకు 79 కిలోమీటర్ల వేగం వస్తుంది, చేతిని సుమారు రెండున్నర కిలోల బరువుతో లాగుతుంది. 200 గ్రాముల చిన్న విమానం 10.5 మీటర్ల తీగల మీద నాలుగున్నర సెకన్లకో చుట్టు తిరిగితే లాగుడు అర కిలో కూడా ఉండదు. ఆ కాస్త బిగువును ఎదురుగాలి ఒక్క తోపుతో తీసేస్తుంది.

ఇక విడిభాగాలు, స్టార్ట్ చేయడం నేర్పే మనిషి. పక్కన తెలిసినవారుంటే ఏ ఇంజనైనా నేర్చుకోవచ్చు. ఒంటరిగా మొదలుపెట్టేవారికి మాత్రం కొన్ని ఇంజన్లు మొదటి నెలలోనే విసుగు పుట్టిస్తాయి.

| అంశం | 0.8 సీసీ గ్లో | 2.5 సీసీ డీజిల్ | 2.5 సీసీ గ్లో | 4 సీసీ గ్లో | 6 సీసీ గ్లో |
|---|---|---|---|---|---|
| విమానం బరువు | 180–220 గ్రా. | 500–600 గ్రా. | 450–600 గ్రా. | 750–950 గ్రా. | 1.1–1.3 కిలోలు |
| తీగ పొడవు | 10.5 మీ. | 15–16 మీ. | 15–16 మీ. | 16–17 మీ. | 18 మీ. |
| తీగ మందం | అల్లిన పాలియెస్టర్ దారం, లేదా 0.2–0.3 మి.మీ. ఉక్కు | 0.38 మి.మీ. | 0.38 మి.మీ. | 0.38 మి.మీ. | 0.45 మి.మీ. |
| ప్రొపెల్లర్ (వ్యాసం×పిచ్, అంగుళాల్లో) | 6×3 | 9×4 | 8×4 | 9×4 | 10×5 లేదా 10×6 |
| 5 నిమిషాలకు ఇంధనం | ట్యాంకు 2–3 నిమిషాలకే | సుమారు 35 మి.లీ. | సుమారు 55 మి.లీ. | సుమారు 85 మి.లీ. | సుమారు 115 మి.లీ. |
| నైట్రోమీథేన్ (ఇంధనంలో కలిపే ద్రవం) | 15–25 శాతం | అక్కర్లేదు | లేకున్నా నడుస్తుంది | అక్కర్లేదు | అక్కర్లేదు |
| గాలికి తట్టుకోవడం | తక్కువ | మధ్యస్థం | మధ్యస్థం | బాగుంటుంది | చాలా బాగుంటుంది |

0.8 సీసీ గ్లో: చిన్నదని తేలిక కాదు

కాక్స్ బేబ్ బీ లాంటి ఈ బుల్లి ఇంజన్ పిల్లలకు కొనిద్దామని చాలామందికి అనిపిస్తుంది. బరువు 50 గ్రాములు దాటదు, ట్యాంకు ఇంజన్‌కే అతికి ఉంటుంది, స్ప్రింగు చుట్టి వదిలితే స్టార్ట్ అవుతుంది, చిన్న ఆటస్థలం చాలు. ఇంతవరకూ నిజమే.

అయితే దీనికి నైట్రోమీథేన్ 15 నుంచి 25 శాతం కలిపిన ఇంధనం కావాలి. నైట్రో ఖరీదు, మన వైపు దొరకడం అరుదు. అది లేకుండా ఉత్త మిథనాల్, ఆముదంతో నడపబోతే అంటుకుని ఆరిపోతుంటుంది, నీడిల్ (ఇంధనం పారే మోతాదు సర్దే మర) ఎంత తిప్పినా నిలకడ రాదు. గ్లో ప్లగ్గు విడిగా ఉండదు, సిలిండర్ తలలోనే కలిసి ఉంటుంది. అది కాలిపోతే తల మొత్తం మార్చాలి, విదేశం నుంచి తెప్పించాలి. పొట్టి తీగల వల్ల విమానం గిరగిరా తిరుగుతుంది, తప్పు దిద్దుకునే వ్యవధి ఉండదు, కొత్తవారికి తల తిరుగుతుంది. బరంపురం లాంటి తీరప్రాంతపు ఊళ్లలో పొద్దెక్కాక సముద్రపు గాలి మొదలైతే దీన్ని పెట్టెలో పెట్టేయడమే. ఇంకో విమానం మీద ఎగరడం వచ్చేసి, నైట్రోకు దారి ఉన్నవారికి ఇది ముద్దొచ్చే ఇంజన్. మొదటి ఇంజన్‌గా మాత్రం వద్దనే మా సలహా.

డీజిల్: బ్యాటరీ అక్కర్లేదు, ఓపిక కావాలి

పేరు డీజిల్ గానీ పెట్రోలు బంకులో దొరికే డీజిల్‌కూ దీనికీ సంబంధం లేదు. ఈథర్, కిరసనాయిలు, ఆముదం కలిపిన మిశ్రమంతో నడుస్తుంది. కొత్త ఇంజన్‌కు మూడూ సమపాళ్లలో కలిపితే సరిపోతుంది. ప్లగ్గు లేదు, బ్యాటరీ లేదు. సిలిండర్ తల మీది స్క్రూ బిగిస్తే కంప్రెషన్ పెరుగుతుంది, ఆ వేడికే ఇంధనం అంటుకుంటుంది. సీసాలో ఇంధనం, జేబులో ప్రొపెల్లర్ ఉంటే ఏ పల్లెలోనైనా ఎగరేయవచ్చు. చప్పుడు తక్కువ, ఇంధనం ఖర్చు గ్లో కంటే తక్కువ, పెద్ద ప్రొపెల్లర్‌ను నిదానంగా బలంగా తిప్పుతుంది. ఇంగ్లండ్ వారి పీఏడబ్ల్యూ ఇంజన్లు ఈ రకంలో పేరున్నవి. కోల్‌కతాలో తయారైన పాత అరోరా ఇంజన్లు కూడా అక్కడక్కడ చేతులు మారుతుంటాయి.

చిక్కంతా ఈథర్‌తోనే. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రాయగడ మధ్యాహ్నపు ఎండలో సీసా మూత తీస్తే ఈథర్ ఆవిరైపోతుంది. మిశ్రమంలో అది తగ్గాక ఇంజన్ ఎంత తిప్పినా అంటుకోదు, మీరేమో కంప్రెషన్ బిగిస్తూ పోతారు. చల్లగా ఉంచాలని ఇంట్లో ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకండి. ఆవిరి లోపల నిండితే థర్మోస్టాట్ నిప్పురవ్వ చాలు, పేలుతుంది. నీడలో, గాలి ఆడే చోట, వంటింటికి దూరంగా ఉంచండి. కొద్దికొద్దిగా కొనండి. తెరిచిన సీసాను నెలల తరబడి దాచవద్దు, పాత ఈథర్‌లో పేలే గుణమున్న పెరాక్సైడ్లు ఏర్పడతాయి.

సర్దుబాటు చెవితో నేర్చుకోవాలి. మిస్ కొడుతూ ఇంధనం ఉమ్ముతుంటే కంప్రెషన్ తక్కువని. వేగం తగ్గి ఆయాసపడుతూ, ఎగ్జాస్టు నల్లగా వస్తే ఎక్కువైందని, పావు చుట్టు వదలాలి. తిప్పుతుంటే ప్రొపెల్లర్ గట్టిగా ఆగిపోతే సిలిండర్‌లో ఇంధనం నిండిందన్నమాట. బలవంతంగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కంప్రెషన్ స్క్రూ వదిలి, ఇంజన్ తలకిందులు చేసి, నెమ్మదిగా తిప్పి ఇంధనం బయటికి పంపండి.

ఇంకో మాట: థర్మోకోల్‌తో చేసిన విమానానికి డీజిల్ పెట్టకండి. ఈ ఇంధనం తగిలినచోటల్లా థర్మోకోల్ తినేస్తుంది.

2.5 సీసీ గ్లో: మధ్యస్థ మార్గం, ఒక షరతుతో

అంతర్జాతీయ పోటీల్లో వేగం, టీమ్ రేస్, కాంబాట్ తరగతులకు ఇంజన్ పరిమితి 2.5 సీసీయే. అందుకే ఈ సైజులో మంచి ఇంజన్లు చాలా తయారయ్యాయి. పోటీల మీద ఆసక్తి ఉన్న ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కేడెట్లకు ఇది సహజమైన ఎంపిక. షరతేమిటంటే విమానం తేలిగ్గా కట్టాలి. 600 గ్రాములు దాటితే, ముఖ్యంగా నైట్రో లేని ఇంధనంతో, ముక్కు పైకెత్తగానే వేగం పడిపోయి తీగలు వదులవుతాయి. బాల్సా దొరక్క స్థానిక కర్రతో కట్టేవారికి ఈ బరువులో ఉండడం కష్టం. అలాంటివారు 4 సీసీకి వెళ్లాలి.

4 సీసీ గ్లో: ఎక్కువమందికి ఇదే

ఒంటరిగా మొదలుపెట్టేవారికి మేము ముందుగా చెప్పేది ఈ సైజే. కారణాలు సూటిగా ఉన్నాయి. నైట్రో లేకుండా 75 పాళ్లు మిథనాల్, 25 పాళ్లు ఆముదంతో నిలకడగా నడుస్తుంది. లీటరు కలిపితే ఐదు నిమిషాల చొప్పున పదకొండు సార్లు ఎగరవచ్చు. విమానం కాస్త బరువెక్కినా మోస్తుంది. బిగువు బాగుంటుంది గనుక గాలి ఉన్నా చేతికి విమానం ఎక్కడుందో తెలుస్తుంది. మీటరు రెక్క కాబట్టి విరిగితే అతికించుకోవడమూ తేలిక.

ఇప్పుడు దొరికేవి ఎక్కువగా రేడియో కంట్రోల్ కోసం చేసిన ఇంజన్లు, థ్రాటిల్ కార్బురేటర్‌తో వస్తాయి. మొదట్లో థ్రాటిల్‌ను పూర్తిగా తెరిచి ఇనుప తీగతో బిగించి వాడుకోవచ్చు. కానీ దాని నోరు వెడల్పు, ఇంధనాన్ని పీల్చే బలం తక్కువ. విమానం నిట్టనిలువుగా లేచినప్పుడు ఇంజన్ తడబడుతుంది. అదే ఇంజన్‌కు సరిపోయే సన్నని వెంచురీ (గాలి పీల్చే గొట్టం) తెప్పించి కార్బురేటర్ బదులు బిగిస్తే ఈ బాధ తీరుతుంది. ఇంజన్ ఆర్డరు పెట్టేటప్పుడే వెంచురీ ఉందో లేదో అడగండి.

ట్యాంకు మధ్యగీత నీడిల్ ఎత్తుకు సమంగా ఉండాలి. తిరిగేటప్పుడు ఇంధనం బయటివైపుకు తోసుకుపోతుంది కాబట్టి ట్యాంకు లోపలి గొట్టం బయటి రెక్కవైపు వెనక మూలకు చేరాలి. ట్యాంకు కింద రబ్బరు స్పాంజి పెట్టకపోతే అదురుకు ఇంధనం నురగకట్టి ఇంజన్ దగ్గుతుంది.

నీడిల్‌ను మూడు, మూడున్నర చుట్లు తెరిచి స్టార్ట్ చేయండి. నెమ్మదిగా మూస్తూ పోతే వేగం పెరిగి ఒకచోట ఆగుతుంది. అక్కడి నుంచి కొద్దిగా వెనక్కి తెరవాలి. ఇంధన గొట్టాన్ని వేళ్లతో ఒక్క క్షణం నొక్కి చూడండి: వేగం కాస్త పెరిగితే సరిగ్గా ఉంది, పెరగకుండా ఆగిపోబోతే ఇంధనం చాలడం లేదు. అలాగే ఎగరేస్తే ఇంజన్ వేడెక్కి పాడవుతుంది. కొరాపుట్ సముద్రమట్టానికి దాదాపు 870 మీటర్ల ఎత్తులో ఉంది, గాలి సుమారు 8 శాతం పలచన. బరంపురంలో కుదిర్చిన నీడిల్ అక్కడ ఇంధనం ఎక్కువైనట్టు నడుస్తుంది, కొంచెం మూయాలి. బలం కూడా దాదాపు అంతే తగ్గుతుంది. 2.5 సీసీకి ఆ తగ్గుదల భారం, 4 సీసీకి లెక్కలోది కాదు.

గ్లో ప్లగ్గుకు ఒకటిన్నర వోల్టుల పెద్ద సెల్లు చాలు. బైకు బ్యాటరీ 12 వోల్టులు నేరుగా తగిలిస్తే ప్లగ్గులోని ప్లాటినం తీగ ఆ క్షణంలోనే తెగిపోతుంది.

6 సీసీ గ్లో

విన్యాసాలు నేర్చుకునేవారికి ఇదీ, దీనికి పైవీ. లూపులు, తలకిందుల ఎగరడం, ఎనిమిది ఆకారాలు దీని మీద హాయిగా సాగుతాయి. చేతిని మూడు కిలోలకు పైగా లాగుతుంది కాబట్టి పద్నాలుగేళ్లలోపు పిల్లలకు ఒంటరిగా ఇవ్వకూడదు. మైదానం 50 మీటర్లు కావాలి, ఇంధనం ఖర్చు ఎక్కువ, కూలితే నష్టమూ ఎక్కువ. కాలేజీ బృందాలు రెండో విమానంగా తీసుకోవచ్చు.

చప్పుడు కుదరని చోట, బడి పక్కనో ఆసుపత్రి దగ్గరో ఎగరేయాలంటే విద్యుత్ మోటారు, లిథియం బ్యాటరీ, టైమరు వాడే పద్ధతి కూడా ఉంది. ఇంధనం గొడవ ఉండదు. ఇంజన్ మీద మోజుతో వచ్చేవారికి అది వేరే ఆట.

ఇంధనం కలిపేటప్పుడు

ఆముదం మన వైపు సులభంగానే దొరుకుతుంది, కానీ ఇంట్లో గింజలు వేయించి, దంచి, నీళ్లలో కాచి తీసిన నాటు ఆముదం పనికిరాదు. అందులో తేమ, జిగురు మిగులుతాయి, మిథనాల్‌లో కలిపితే తెల్లగా మబ్బుకడుతుంది, ఇంజన్ గొంతు మూసుకుపోతుంది. మందుల దుకాణంలో దొరికే, సువాసనలు కలపని స్వచ్ఛమైన ఆముదం తీసుకుని, పలచని గుడ్డతో వడకట్టి వాడండి. ఆముదం తగ్గించి పొదుపు చేయాలని చూడకండి, అరిగేది ఇంజనే.

మిథనాల్ విషం. పది మిల్లీలీటర్లు కడుపులోకి పోయినా చూపు పోవచ్చు, ఇంకాస్త పోతే ప్రాణం పోతుంది. కల్తీసారా మరణాలకు కారణం ఇదే కాబట్టి దాని అమ్మకంపై నియంత్రణ ఉంటుంది. ల్యాబ్ రసాయనాలు అమ్మే అనుమతి ఉన్న దుకాణంలో బిల్లుతో, లీటరో రెండు లీటర్లో కొనండి. నీళ్ల సీసాలో, శీతలపానీయం సీసాలో ఎప్పుడూ పోయకండి. సీసా మీద తెలుగులో, ఒడియాలో "విషం" అని రాసి తాళం వేయండి. చేతులకు తొడుగులు వేసుకోండి, చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది. మండితే మంట ఎండలో కనిపించదు. మూత వదిలేస్తే గాలిలో తేమ పీల్చుకుంటుంది. శ్రావణ, భాద్రపదాల్లో తెరిచి ఉంచిన ఇంధనంతో ఇంజన్ మొరాయించడానికి సగం కారణం అదే.

ఎవరికి ఏది

హైస్కూలు పిల్లలు, నాన్నగారో మావయ్యో పక్కన ఉంటే: 4 సీసీ, రెక్క సాదా పలకగా ఉండే శిక్షణ విమానం, ట్యాంకు సగం మాత్రమే నింపి. ఇంధనం కలపడం, ప్రొపెల్లర్ తిప్పడం పెద్దల పని.

ఎన్‌సీసీ కేడెట్లు, యూనిట్‌లో నేర్పేవారుంటే: అక్కడ ఏ ఇంజన్ వాడుతున్నారో అదే. విడిభాగాలు, సలహా, ఇంధనం మూడూ ఒకేచోట దొరుకుతాయి. ఆ సౌకర్యం ముందు సీసీల తేడా చిన్నది.

కాలేజీ బృందాలు: 4 సీసీతో మొదలుపెట్టి 6 సీసీకి. కెమిస్ట్రీ విభాగం ఉన్న కాలేజీలో అధ్యాపకుల అనుమతితో ఈథర్ దొరికితే డీజిల్ ఒకటి తప్పక నడిపి చూడండి. కంప్రెషన్ అంటే ఏమిటో పుస్తకం కంటే బాగా చెబుతుంది.

ఉద్యోగ విరమణ చేసి తీరిగ్గా ఉన్నవారు: ఓపిక ఉంటే శీతాకాలంలో డీజిల్, లేదంటే 2.5 సీసీ గ్లో. భుజం నొప్పి ఉన్నవారు 6 సీసీ జోలికి పోవద్దు.

ఏ ఇంజనైనా మారనివి

గాలిపటం మాంజా, చేపల నైలాన్ దారం కంట్రోల్ తీగలుగా వాడకూడదు. మాంజా తెగుతుంది, కోస్తుంది. నైలాన్ సాగుతుంది, మీరు మణికట్టు వంచినా ఎలివేటర్ కదలదు. ప్రతి రోజూ మొదటి ఎగరడానికి ముందు విమానాన్ని పట్టుకోమని, హ్యాండిల్‌ను స్ప్రింగు త్రాసుకు తగిలించి, విమానం బరువుకు పది రెట్లు లాగి చూడండి. 900 గ్రాములకు 9 కిలోలు. మెలిక పడిన తీగను సాగదీసి వాడకండి, మార్చేయండి. హ్యాండిల్‌కు కట్టిన తాడు మణికట్టుకు ఉండాలి.

ప్రొపెల్లర్‌ను వట్టి వేలితో తిప్పకండి, రబ్బరు గొట్టం తొడిగిన కర్రతో తిప్పండి. నీడిల్ సర్దడం వెనకవైపు నుంచి మాత్రమే. తువ్వాలు, చున్నీ, వదులు చొక్కా దగ్గరికి రాకూడదు. గాలి తోక వైపు నుంచి వీచేలా విమానాన్ని వదిలితే, వేగం అందుకునేసరికి గాలి దాన్ని బయటికి తోసే వైపుకు చేరుతుంది, తీగలు బిగుతుగా నిలుస్తాయి.

రోజు ముగిశాక ట్యాంకులో మిగిలినది పారబోసి, ఇంజన్‌ను ఆఖరి చుక్కదాకా నడిపి, నాలుగు చుక్కల నూనె వేసి తిప్పండి. మిథనాల్ తేమకు బేరింగులు తుప్పు పడతాయి. వానాకాలం తర్వాత ఆముదం గట్టిపడి ఇంజన్ బిగుసుకుంటే కట్టింగ్‌ప్లేయర్‌తో తిప్పకండి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తే ఆముదం కరిగి వదులుతుంది.

పాత ఇంజన్ కొనేటప్పుడు

ఈ ప్రాంతానికి చేరే ఇంజన్లలో చాలావరకు చేతులు మారినవే. ప్రొపెల్లర్ తగిలించి నెమ్మదిగా తిప్పితే పిస్టన్ పై కొనకు చేరే దగ్గర గట్టిగా ఎదురుతన్నాలి. సులువుగా జారిపోతే లోపల అరిగిపోయింది. షాఫ్టును పైకీ కిందికీ కదిపి చూడండి, కదలిక తెలిస్తే బేరింగు పోయింది. ప్లగ్గు విప్పి మరలు చూడండి, అల్యూమినియం మరలు చెడితే తల మార్చాల్సిందే. డీజిల్ అయితే కంప్రెషన్ స్క్రూ వదిలి ప్రొపెల్లర్ తిప్పాలి. పైనున్న కాంట్రా పిస్టన్ (కంప్రెషన్ స్క్రూ కిందికి నొక్కే రెండో పిస్టన్) తానుగా పైకి జరిగితే ఇంజన్ బాగున్నట్టు. జరగకపోతే ఎండిన ఆముదమే పట్టి ఉండవచ్చు, వేడి చేసి మళ్లీ చూడండి. నీడిల్ వంగి ఉన్నా, స్ప్రే బార్ (ఇంధనం చిమ్మే సన్న గొట్టం) పగిలి ఉన్నా ఆ భాగం ఇంకా దొరుకుతుందో లేదో తెలుసుకున్నాకే బేరమాడండి.